విదల్చని పాదరసం

కొందరికి దేవుడి మీద సందేహం ఉంటుంది. కొందరికి కట్టుకున్నవాడి మీద. లెక్కలమ్మకు ఉన్న సందేహం ఒక గాజుపుల్ల మీద. కూతురికి పాతికేళ్ళు దగ్గరపడుతున్నా ఆ సందేహం తీరలేదు. ఎవరినీ అడగలేదు, ఎవరితోనూ అనలేదు. రోజూ పొద్దున్నే దీపం వెలిగించి, కళ్ళు మూసుకునే ముందు మాత్రం ఒక్కసారి అటు చూసేది.

దేవుడి గూట్లో, పటం వెనక, దూది పరిచిన చెక్క డబ్బాలో ఒక థర్మామీటరు పడుకుని ఉంది. పాదరసం నూటనాలుగు దగ్గర నిలబడి ఉంది. జ్వరం చూసే గాజు థర్మామీటరు సంగతి తెలిసిందే. ఒకసారి ఎక్కిన పాదరసం మణికట్టుతో గట్టిగా విదిలిస్తే తప్ప దిగదు. దీన్ని ఎవరూ విదల్చలేదు.

కూతురు పొత్తిళ్ళలో ఉన్నప్పుడు ఇంటికొచ్చిన నర్సమ్మ తీసిన కొలత అది. ఆ అంకె చూసే ఇంటిల్లిపాదీ పసిదాన్ని ఎత్తుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తారు. నర్సమ్మ కూడా వాళ్ళతోనే పరుగెత్తింది. థర్మామీటరు కిటికీ గట్టు మీద ఉండిపోయింది. "ఆవిడ సొత్తు, ఆవిడే వచ్చి తీసుకుంటుంది. అందాకా ఎవరూ ముట్టుకోకండి" అని అత్తగారు దాన్ని దేవుడి దగ్గర పెట్టింది. అత్తగారు కాలం చేసింది. నర్సమ్మ రాలేదు.

ఇంతకీ సందేహమేమిటంటే, ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరు తన థర్మామీటరు పెట్టి చూసి, "జ్వరమేదమ్మా?" అన్నాడు. అంటూనే పిల్లను చేర్చుకున్నాడు, సూదులు పొడిచాడు. పిల్ల దక్కింది. మరి గాజులో నిలబడిన ఈ జ్వరం ఎవరిది? అంతకుముందు చూసిన ఇంట్లో పిల్లదా? నర్సమ్మ విదల్చడం మరిచిపోయి పెట్టిందా? అలాగైతే తన పిల్లకు ఏమీ కాలేదు. అలాగైతే ఎవరి పిల్లో కాలిపోతున్న ఒళ్ళు ఇన్నేళ్ళుగా తన ఇంట్లో, తన దీపం పక్కన, చల్లారకుండా ఉంది. కొన్ని ఉదయాలు డబ్బా తెరిచి చూస్తే ఆ వెండిగీత నిన్నటికంటే వెంట్రుకవాసి పైకి జరిగినట్టు తోచేది. కళ్ళజోడు తుడుచుకుని చూస్తే అక్కడే ఉండేది.

"అమ్మా, దేవుడికి జ్వరం తగ్గిందా?" అంది కూతురు, చెప్పులు వేసుకుంటూ. ఆ అమ్మాయి టైల్సు అమ్మే షాపులో పనిచేస్తోంది. ఇంట్లో ఎక్కడ చెయ్యి వేసినా సన్నటి తెల్లటి పొడి అంటుకునేది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. వెళ్ళు, బస్సు పోతుంది."

"ఆ థర్మామీటరుకి పెట్టినన్ని దణ్ణాలు నాకు పెట్టుంటే, ఈపాటికి షాపు నాదయ్యేది."

లెక్కలమ్మ నవ్వింది గానీ, కూతురు మెట్లు దిగి వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. అది రోజూ ఉన్న అలవాటే.

ఆరోగ్యశాఖలో ఏ పథకానికి పెట్టిన డబ్బు ఏ మేరకు పనికొచ్చిందో తేల్చి చెప్పడం ఆమె ఉద్యోగం. అందుకే ఆ పేరు. దోమతెరలు, బడిపిల్లల కళ్ళజోళ్ళు, మంచినీళ్ళ ట్యాంకుల్లో కలిపే మందు, అన్నీ ఆమె బల్ల మీదుగా వెళ్ళినవే. ఆ సోమవారం పెద్దసారు పిలిచి, ఒక ఫైలు ముందుకు తోశాడు.

"గడప సేవ. పసిబిడ్డలున్న ఇళ్ళకు నర్సులు తిరిగి చూసిరావడం. ప్రతి నర్సూ ప్రతి ఇంటి పేరు పక్కనా ఏం రాస్తోందో చూశావా?"

"చూశాను సార్. ఏం లేదు అని."

"ఏం లేదు, ఏం లేదు, ఏం లేదు! ఏం లేదని రాయడానికి ఇంతమందికి జీతాలా?"

"ఏమీ కాకుండా చూడ్డానికే కదండీ వాళ్ళు తిరిగేది."

"అక్కడే వచ్చింది చిక్కు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం తెలివితక్కువ, ఒప్పుకుంటాను. ముందే ఆకులు పట్టుకుని కూచుంటే, ఆకుల వల్ల కాలలేదో, అసలు నిప్పే లేదో ఎలా తెలుస్తుందమ్మా?"

పెద్దసారు చెడ్డవాడు కాదు. పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డుకు ఇంకో ఊపిరి మిషను కావాలని ఏడాదిగా కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు. ఉన్న ఒక్కదానికీ పిల్లలను వంతులవారీగా పెడుతున్నారు.

"మొన్న వెళ్ళి చూసొచ్చాను," అన్నాడు, గొంతు తగ్గించి. "ఒక పిల్ల, ఇంతే ఉంది. పిడికిలంత మొహం. నా వేలు పట్టుకుంది. గడప సేవ ఆపితే ఆ డబ్బుతో మిషను వస్తుంది. ఆ పిల్లకి మొహం ఉందమ్మా లెక్కలమ్మా. నీ లెక్కలో మిగిలే పిల్లలకి మొహాలున్నాయా?"

"లేవు సార్."

"శుక్రవారానికి రిపోర్టు ఇవ్వు. ఉంచాలా, ఆపాలా, ఒక్క మాట. నువ్వేది రాస్తే దాన్నే పైకి పంపుతాను."

ఒక్క మొహం ఉందని ఆమె అనలేదు. సొంత పిల్లను తెచ్చి తక్కెడలో కూచోబెట్టడం ధర్మం కాదు. పైగా ఆ పిల్ల ఆ తక్కెడకు చెందినదో కాదో ఆమెకే తెలియదు.

మర్నాడు గడప నర్సుతో కలిసి పేటలోకి బయలుదేరింది. పేటంటే వరసగా ఒకే అచ్చులో పోసినట్టున్న ప్రభుత్వ క్వార్టర్లు. ఆకుపచ్చ తలుపులు, తలుపు పక్కన ఒక్క కిటికీ. నర్సు పడుచుపిల్ల. భుజాన గుడ్డసంచి, కాళ్ళకు రబ్బరు చెప్పులు. పని మొదలుపెట్టాక ఆ పిల్ల మాట్లాడదు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంది. ఇంట్లోవాళ్ళు ముందే కాచిపెట్టిన వేణ్ణీళ్ళ గిన్నెలో సబ్బుతో మోచేతులదాకా కడుక్కుంటుంది. తడి ఆరేదాకా చేతులు గాల్లో పట్టుకుని నిలబడుతుంది. తరవాత పసిబిడ్డ పక్కన కూచుని, ముందు మొహం చూడదు. దుప్పటి కాళ్ళ దగ్గర ఎత్తి, చెయ్యి వెనక్కి తిప్పి, వేళ్ళ మెటికలతో అరికాళ్ళు తాకుతుంది. ఆ తరవాత చంకలో థర్మామీటరు పెట్టి, పొట్ట ఎగిసిపడడం చూస్తూ ఊపిరులు లెక్కపెడుతుంది. ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ కదలరు. స్టవ్వు మీద గిన్నె మూత కూడా చప్పుడు చెయ్యనట్టుంటుంది. చివరికి నర్సు తల ఎత్తి అంటుంది:

"ఏం లేదు."

అప్పుడు ఇల్లు మళ్ళీ ఊపిరి తీసుకుంటుంది.

బయటకు వచ్చి, గడప దాటాక, నర్సు థర్మామీటరును వీధి వైపు తిప్పి మణికట్టుతో గట్టిగా విదిలించింది. ప్రతి ఇంటి దగ్గరా అంతే. లోపల ఎక్కడా విదల్చలేదు.

"అదేం పద్ధతమ్మాయ్? లోపలే విదిలించెయ్యచ్చుగా?"

నర్సు సిగ్గుపడింది. "మా వాళ్ళ ఆచారం మేడమ్. లోపల విదిలిస్తే ఆ ఇంటి జ్వరం ఆ ఇంట్లోనే పడుతుందట. విదల్చకుండా సంచిలో పెట్టుకుంటే తరవాతి ఇంటికి మోసుకెళ్ళినట్టట. గడప బయట విదిలిస్తే గాల్లో కలిసిపోతుంది. నిజమో కాదో దేవుడికెరుక. ఒకటి మాత్రం ఖాయం, దీనివల్ల మాలో ఎవరూ విదల్చడం మరిచిపోరు."

లెక్కలమ్మ నడక ఆగింది. "ఎవరూనా?"

"చచ్చినా మరిచిపోరు. మా పెద్దనర్సమ్మ నేర్పిన పాఠాల్లో అది మొదటిది."

"ఇంకోటి అడుగుతాను. పిల్ల నిక్షేపంలా ఉన్నా 'బాగుంది' అనవేం?"

"బాగుంది అంటే తలుపు మూసేసినట్టు మేడమ్. ఏం లేదు అంటే మళ్ళీ వచ్చి చూడాలన్నట్టు."

మరిచిపోరు. అయితే ఆ జ్వరం ఎక్కడి నుంచి వచ్చింది? ముందరి ఇంటిది కాదు. డాక్టరు మాట నిజమైతే తన పిల్లదీ కాదు. ఎవరిదీ కాని జ్వరం ఒకటి తన ఇంట్లో ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆమె కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

పేట చివర బడి విడిచిపెట్టే వేళయింది. గేటు పక్కన నిలబడింది, ఎందుకో ఆమెకే తెలియదు. ఇక్కడి చావులూ, గడప సేవ లేని అవతలి పేటలోని చావులూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ గేటులోంచి రావలసినవాళ్ళ కంటే ఎక్కువమంది వస్తున్నారని తేలుతుంది. కొందరు, చాలామంది కాదు, నర్సులు తిరగకపోయుంటే ఇక్కడ ఉండనివాళ్ళు. పిల్లలు నీళ్ళసీసాలు ఊపుకుంటూ, తోసుకుంటూ, ఒకరి జడ ఒకరు లాగుకుంటూ వచ్చారు. ఎవరు ఆ కొందరు? ముందు పళ్ళు ఊడిన వాడా? పరుగెత్తి పడి మోకాలు ఊదుకుంటున్నదా? ఎవరి మీదా ఏ గుర్తూ లేదు. అందరికీ నీడలున్నాయి.

బూటు తాడు కట్టుకుంటున్న పిల్ల ఒకతె తలెత్తి చూసింది. "ఎవరి కోసమండీ?"

"ఎవరి కోసమూ కాదమ్మా."

"మరి మమ్మల్ని ఎందుకు లెక్కపెడుతున్నారు?"

అప్పుడుగాని తన పెదవులు కదులుతున్నాయని ఆమెకు తెలియలేదు.

బుధవారం అవతలి పేటకు వెళ్ళింది. అది రైలుకట్ట దాటితే వస్తుంది. అవీ అదే కాంట్రాక్టరు కట్టిన క్వార్టర్లు. అవే ఆకుపచ్చ తలుపులు, తలుపు పక్కన అదే ఒక్క కిటికీ. పథకం మొదలుపెట్టినప్పుడు డబ్బు ఒక్క పేటకే చాలిందట. రెండోది మిగిలిపోయింది. మిగిలిపోయింది కాబట్టి పోల్చి చూడ్డానికి పనికొచ్చింది. కాగితం మీద దాన్ని 'పోలిక ప్రాంతం' అంటారు. ఆమె కూడా ఏళ్ళ తరబడి అలాగే రాసింది. కాలు పెట్టడం ఇదే మొదలు.

నిన్న నడిచిన వీధిలోనే నడుస్తున్నట్టుంది. మలుపు ఎక్కడ వస్తుందో ముందే తెలిసిపోతోంది. నిన్న చివరగా చూసిన ఇల్లు ఎక్కడుందో ఇక్కడా సరిగ్గా అక్కడే ఒక తలుపు ఓరగా తెరిచి ఉంది. గొళ్ళెం తట్టింది.

"ఎవరికోసం?" లోపలినుంచి ఆడగొంతు.

"ఆరోగ్యశాఖ నుంచమ్మా. నాలుగు ముక్కలు అడిగి వెళ్ళిపోతాను."

లోపల చీకటిగా ఉంది. లెక్కలమ్మ చెయ్యి తనంత తానే గోడ మీద స్విచ్చు ఉన్నచోటికి వెళ్ళింది. స్విచ్చు అక్కడే ఉంది. ఆ ఇంటి ఇల్లాలు పాతికేళ్ళ పిల్ల. ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పైన ఉయ్యాల కొక్కెం, దానికి కట్టిన తాడు, తాడు చివర ఏమీ లేదు.

"మీరు నర్సా?" అంది ఆశగా.

"కాదమ్మా. లెక్కలు చూసేదాన్ని."

"ఎవర్ని లెక్కపెడతారు?"

ఇల్లాలు జవాబు కోసం ఆగలేదు. ఎవరైనా వస్తే చెప్పాలని ఎన్నాళ్ళనుంచో దాచుకున్నట్టుగా చెప్పుకుపోయింది.

"పోయిన వానల్లో పుట్టాడండీ. ఎంత మంచివాడో! పక్కింట్లో వాళ్ళ పిల్లాడు రాత్రింబవళ్ళు గుక్కపెడుతుంటే, వీడు కిక్కురుమనేవాడు కాదు. పాలకి కూడా ఏడవలేదు. జ్వరమేమోనని నుదురు ముట్టుకుంటే చల్లగానే ఉంది. హమ్మయ్య, ఏం లేదు అనుకున్నాం. కాళ్ళు మరీ చల్లగా ఉన్నాయని మా ఆయన మేజోళ్ళు కొనుక్కొచ్చాడు. పసుప్పచ్చవి. తొడిగాం." ఆమె చెయ్యి మడతపెడుతున్న చొక్కా వదిలి, పక్కనున్న తాడు మీదికి వెళ్ళింది. మాట్లాడుతూ మెల్లిగా ఊపుతోంది. "నిద్రపోతున్నాడనుకుని పొద్దున్న చాలాసేపు లేపలేదు."

తాడు ఊగుతోంది. ఏ బరువూ లేని తాడు అంత నిదానంగా, అంత లయగా ఎలా ఊగుతుందో అర్థంకాక లెక్కలమ్మ దాన్నే చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి తన తల కూడా దానితోపాటు కదులుతున్నట్టు గమనించి, చటుక్కున లేచింది.

"వెళ్ళొస్తానమ్మా."

"మళ్ళీ వస్తారా?" అంది ఇల్లాలు. "ఎవరూ రారండీ ఇక్కడికి."

ఆ సాయంత్రం కూతురు షాపునుంచి వచ్చి, అలసిపోయి, సోఫాలో వాలిపోయి నిద్రపోయింది. లెక్కలమ్మ వంటింట్లోంచి వస్తూ ఆగింది. చెయ్యి వెనక్కి తిప్పి, మెటికలతో కూతురి అరికాళ్ళు తాకింది. వెచ్చగా ఉన్నాయి. మడమల మీద టైల్సు పొడి.

"ఏం చేస్తున్నావే?" కూతురు ఒక కన్ను తెరిచింది.

"ఏం లేదు."

"ఏం లేదా? కాళ్ళు పట్టుకుంటున్నావు, ఏదో అడగబోతున్నావు. జీతం ఇంకా రాలేదమ్మా!"

నవ్వి ఊరుకుంది. రిపోర్టు మాత్రం ముందుకు సాగలేదు. గడప సేవకు బలమంతా ఒక పట్టికలో ఉంది: నర్సులు ఆసుపత్రికి పంపిన పిల్లలు, పంపినప్పుడు వాళ్ళ జ్వరం అంకె, తరవాత దక్కారా లేదా. ఎక్కువమంది మంటలా కాలుతూ వెళ్ళి దక్కారు. ఆ పట్టిక చూస్తే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి. కాని ఆ అంకెల్లో ఒకటి తన ఇంట్లో పటం వెనక ఉంది. దాన్నే తాను నమ్మలేకపోతే మిగిలినవాటిని ఎలా నమ్మడం? తన పిల్ల మీద మమకారంతో 'ఉంచాలి' అని రాస్తే, రేపు ఊపిరి మిషను అందక పోయే పిల్లకు దేవుడి ముందు ఏం జవాబు చెప్పాలి?

మర్నాడు గడప నర్సును అడిగింది. "మీ పెద్దనర్సమ్మ ఉందా?"

"భేషుగ్గా ఉంది మేడమ్. కాళ్ళే వాచి లేవలేదు. నోరు మాత్రం మా అందరికంటే ముందే లేచి తిరిగొస్తుంది."

పెద్దనర్సమ్మ ఇల్లు బట్టలషాపు వెనక, ఒక్క గది. మంచం గుమ్మానికి ఆనించి వేసుకుంది, వచ్చేపోయేవాళ్ళు కనబడాలని. లెక్కలమ్మ తానెవరో చెబుతుండగానే ముసలావిడ చెయ్యెత్తింది.

"ఆగు తల్లీ. మీ అత్తగారు గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూచునే ఆవిడ కదూ? నన్ను లోపలికి రానివ్వడానికే ఒక పూట పట్టింది. పిల్ల ఉందా?"

"ఉందక్కా. ఉద్యోగం చేస్తోంది."

పెద్దనర్సమ్మ కళ్ళు మూసుకుంది.

"మీ థర్మామీటరు మా ఇంట్లో ఉండిపోయింది," అంది లెక్కలమ్మ. ఇన్నేళ్ళ మాట అంత తేలిగ్గా బయటికి వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. "విదల్చకుండా అలాగే ఉంచాం. నూటనాలుగు చూపిస్తోంది. ఒకటే అడగాలని వచ్చాను. ఆ రోజు మీరు..."

"నూటనాలుగా?" ముసలావిడ కళ్ళు తెరిచింది. "అంత ఎక్కించానా! నూటరెండు చాలనుకున్నాను. తీయడం ఆలస్యమైనట్టుంది."

లెక్కలమ్మకు మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"మీ పిల్లకి జ్వరం లేదు తల్లీ. చల్లగా ఉంది. అరికాళ్ళు రాళ్ళలా ఉన్నాయి. పాలు పట్టడం లేదు, ఏడవడం లేదు. అంత పసివాళ్ళకి వేడికంటే ఆ చలి చెడ్డది. మీ అత్తగారికి చెప్పాను. ఆవిడ 'చల్లగా ఉంటే ఇంకో దుప్పటి కప్పుతాం, దానికి ఆసుపత్రెందుకు, బాలింతని గాలిలో తిప్పుతామా' అంది. నీకేమో ఆ రోజు ఒళ్ళు కాలిపోయే జ్వరం. నీ చేతికి ఏది వేడో ఏది చలో తెలిసే స్థితి కాదు. ఏం చెయ్యను? చేతులు కడుక్కోవడానికి వేణ్ణీళ్ళు అడిగాను. గిన్నెలో ముంచి తీశాను. నీళ్ళు మరీ వేడైతే గాజు పగిలిపోతుంది. అంకె చూపిస్తే మీ అత్తగారు పీట తన్నేసి లేచింది. ఆవిడే అందరికంటే ముందు పరుగెత్తింది, పాపం."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. లెక్కలమ్మ తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. ఇన్నేళ్ళూ దీపం పక్కన కాలుతూ ఉన్నది వేణ్ణీళ్ళ వేడి. దానికి ఒళ్ళు లేదు. పసుప్పచ్చ మేజోళ్ళు కళ్ళముందు ఆడాయి.

"తీసుకెళ్ళకపోతే పోయేదా అక్కా?"

"ఏమో. చల్లబడి కూడా బతికి బట్టకట్టినవాళ్ళని చూశాను. నిజం తేలాలంటే ఇంట్లోనే ఉంచి చూడాలి కదా? ఆ లెక్క నేను చెయ్యలేకపోయాను."

ఆ లెక్క రైలుకట్ట అవతల జరుగుతూనే ఉంది. చేస్తున్నది తానే.

"ఇలా మీరొక్కరేనా, ఇంకా ఎవరైనా..."

పెద్దనర్సమ్మ మంచం అంచు నిమిరింది. "ఎవరికీ నేర్పలేదు. ఎవరూ నన్ను అడగలేదు. కాని ప్రతి ఇంట్లోనూ వేణ్ణీళ్ళు ఉంటాయి. ప్రతి ఇంట్లోనూ ఒక అత్తగారు ఉంటుంది."

"థర్మామీటరు కోసం మళ్ళీ రాలేదేం?"

"దానిమీద అబద్ధం నిలబడి ఉంది. మీ అత్తగారి ఎదుట దాన్ని విదల్చాలంటే చెయ్యి రాలేదు. రేపు, రేపు అనుకుంటుండగానే వేరే పేటకి వేశారు." తలగడ కిందినుంచి ఒక రేకు గొట్టం తీసింది. థర్మామీటరు పెట్టుకునే గొట్టం. ఖాళీగా ఉంది. "ఇది మాత్రం ఉంచుకున్నాను."

శుక్రవారం పొద్దున పెద్దసారు రిపోర్టు పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"ఆసుపత్రికి పంపిన పిల్లల పట్టికేదమ్మా? జ్వరాలూ అవీ?"

"తీసేశాను సార్. ఆ అంకెల్ని నేను నమ్మలేను."

"నీ పథకానికి బలమంతా అదే కదా?"

"నా పథకం కాదు సార్."

పెద్దసారు కళ్ళజోడు తీసి ఆమెను చూశాడు. ఆఫీసులో ఇన్నేళ్ళలో తన కేసును తానే బలహీనం చేసుకొచ్చినవాళ్ళను ఆయన చూడలేదు. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని, ఈసారి మెల్లిగా, మొదటినుంచి చదివాడు. రెండు పేటల చావులు, వాటి మధ్య తేడా, నర్సుల జీతాలు, మిషను ఖరీదు, అది కాపాడగలిగేవాళ్ళు. అంతే మిగిలింది. తేడా చిన్నదే. డబ్బుతో భాగించి చూస్తే మాత్రం మిషను కంటే గడప సేవే ఎక్కువమందిని నిలబెట్టింది.

"మిగిలిన ఈ అంకెని నమ్ముతావా?"

"నమ్ముతాను."

"ఎవరు వీళ్ళు?"

"తెలియదు సార్. ఎప్పటికీ తెలియదు. కాని ఉన్నారు. బడి గేటు దగ్గర నిలబడితే మన ముందునుంచే వెళ్తారు."

పెద్దసారు చివరి పేజీ దగ్గర ఆగాడు.

"ఇదేమిటి? అవతలి పేటకి కూడా నర్సుల్ని పంపాలంటున్నావు. ఇక పోల్చి చూడ్డానికి నీకేం మిగులుతుంది?"

"ఏమీ మిగలదు సార్."

"వచ్చే ఏడు ఎవరైనా వచ్చి, ఈ పథకం వల్ల ఏం లాభమని అడిగితే?"

"చెప్పలేం. అడిగేనాటికి పిల్లలు బతికి ఉంటారు."

ఆయన పెన్ను చాలాసేపు కాగితం మీద ఆగింది. సంతకం చేశాక ఆ చేత్తోనే నుదురు రుద్దుకున్నాడు. "కొత్తవాళ్ళకి డబ్బు లేదు. ఉన్నవాళ్ళే రోజు విడిచి రోజు అటూ ఇటూ తిరగాలి. మిషను కోసం మళ్ళీ పైవాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను. ఆ పిల్ల నా వేలు పట్టుకుందమ్మా, చెప్పానుగా."

"చెప్పారు సార్," అంది లెక్కలమ్మ. ఆ పిల్ల సంగతి తాను ఎక్కడా రాయలేదన్న బరువుతోనే బయటికి వచ్చింది.

ఆదివారం దీపం పెట్టాక, పటం జరిపి చెక్క డబ్బా తీసింది. కూతుర్ని వెంటబెట్టుకుని బస్సెక్కింది. బస్సు కుదిపినప్పుడల్లా డబ్బాను రెండు చేతులతో గుండెకు హత్తుకుంది.

"నన్నెప్పుడైనా ఇంత జాగ్రత్తగా మోశావా?" అంది కూతురు.

"ఒకసారి."

పెద్దనర్సమ్మ మంచం మీద లేచి కూచుని ఎదురుచూస్తోంది. కూతుర్ని ఎగాదిగా చూసింది. మంచం పట్టె మీద చెయ్యి తట్టి కూచోమంది. కూచున్నాక, "కాలు ఇలా పెట్టమ్మా" అంది. కూతురు తల్లి వంక చూసి, తల్లి తల ఊపాక, సిగ్గుపడుతూ కాలు మంచం మీద పెట్టింది. ముసలావిడ చెయ్యి వెనక్కి తిప్పి, వంకరబోయిన మెటికలతో అరికాలు తాకింది. చాలాసేపు అలాగే ఉంచింది. ఒళ్ళు కదలకుండా, ఊపిరి లెక్కపెడుతున్నదానిలా.

"ఏం లేదు," అంది.

లెక్కలమ్మ డబ్బా తెరిచి దూది విప్పింది. వెండిగీత అక్కడే ఉంది. పెద్దనర్సమ్మ దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, విదల్చబోయి ఆగి, కూతురికి అందించింది.

"నా చేతిలో బలం లేదు తల్లీ. నువ్వే కానియ్యి. గడప దాటి, వీధి వైపు."

"ఇలాగా?" కూతురు చెప్పుల్లేకుండానే బయటికి వెళ్ళి విదిలించింది. గీత కదల్లేదు. ఇన్నేళ్ళు నిలబడి కాళ్ళు పట్టేసినట్టు అక్కడే ఉంది. లెక్కలమ్మకు ఒక్క క్షణం అది దిగదేమోనని భయం వేసింది. కూతురు పెదవి బిగించి, రోజంతా టైల్సు ఎత్తే చేత్తో, గాలి చప్పుడయ్యేలా మరోసారి విదిలించింది.

పాదరసం సర్రున జారి అడుక్కి వెళ్ళిపోయింది.

వీధిలో ఏ మార్పూ లేదు. ఎదురింటి అరుగు మీద కుక్క ఒకటి తలెత్తి చూసి, మళ్ళీ పడుకుంది. కూతురు లోపలికి వచ్చి థర్మామీటరు ఇచ్చింది. పెద్దనర్సమ్మ దాన్ని కొంగుతో తుడిచి, రేకు గొట్టంలోకి జార్చి, మూత బిగించింది.